సీసాల పెద్దాయన

సీసాల పెద్దాయన వచ్చాడంటే చాలు, పాలావిడకు ఒళ్ళు మండేది.

నెలకోసారి దిగబడతాడు. సీసాడు పాలు, గుప్పెడు గడ్డి పట్టుకుపోతాడు. అణు విద్యుత్ కేంద్రం నుంచి విషం ఏమన్నా వాటిలోకి చేరుతోందేమో కొలుస్తాడట. ఆ కేంద్రమంటే ఆయనకు గిట్టదని వీధి వీధంతా అనుకునేది. పనీపాటా లేని మనిషని ఆవిడ అనుకునేది. ఊరికే ఇచ్చే పాలే కదా అని ఓసారి గ్లాసుడు నీళ్ళు కలిపి ఇచ్చింది కూడా.

మర్నెల నవ్వకుండానే అన్నాడాయన.

"పాలు విడిగా ఇవ్వండమ్మా. నీళ్ళు నేనే బావిలో తోడుకుంటాను."

ఆవిడకు తల కొట్టేసినంత పనైంది.

ఇంతలో కేంద్రంలో ఏదో లీకైందని పుకారు లేచింది. ఫోను తెరిస్తే ఒకడు అందరం పోతామంటాడు, ఇంకొకడు అసలేమీ కాలేదంటాడు. పాలు పోయించుకునేవాళ్ళు మొహం చాటేశారు. ఆవిడ బెంగ అది కాదు. రెండేళ్ళ మనవరాలు పొద్దున్నే ఆ పాలే తాగింది. మళ్ళీ కావాలని గ్లాసు పట్టుకుని వెంట తిరుగుతోంది.

మధ్యాహ్నం పెద్దాయనే వచ్చాడు.

"పిల్లకు పట్టచ్చా, కూడదా? ఒక్క మాట చెప్పండి," అంది.

"కొలవకుండా చెప్పలేనమ్మా. అంతవరకూ పట్టకండి."

"అంతమంది చెబుతున్నారు, మీకొక్కరికే నోరు పెగలదా?"

ఆయన సీసా నింపుకుని మూత బిగించాడు. పాలు పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఐదోనాడు ఆయన కూతురు వచ్చింది. ఆ పాలల్లో ఎప్పుడూ సహజంగా ఉండే కాస్త రేడియేషన్ తప్ప కొత్తగా ఏమీ చేరలేదని చెప్పింది. తన ఒక్కడి మాట చాలదని ఆయన వేరే ఊరి ల్యాబులోనూ చూపించాడట. అక్కడా అదే తేలిందని ఈ పొద్దుటే కబురొచ్చిందట.

"పిల్ల ఎదురు చూస్తుంటుంది, ముందు మీకే చెప్పమన్నారు," అంది.

"ఆయన రాలేదేం?"

"మొన్న నిద్రలోనే పోయారండి."

లోకమంతా నోటికొచ్చింది వాగుతుంటే, తెలియంది తెలియదన్న మనిషి ఆయనొక్కడే. అలాంటివాణ్ణి ఎన్ని మాటలంది! ఎంత మనిషమ్మా, అనుకుంది పాలావిడ.

అడగలేక అడిగింది.

"ఇన్నేళ్ళూ ఇల్లిల్లూ తిరిగారే, ఆ కేంద్రం మీద ఎందుకంత పగ ఆయనకు?"

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

"పగేమిటండీ? దాన్ని దగ్గరుండి కట్టించిన పెద్ద ఇంజనీరు మా నాన్నే."