ఉత్తుత్తి కార్లు

విశాఖలో ఏ హోటలు గదులు పెంచాలన్నా ముందు ఆ వీధికి ఒకరోజు రిహార్సలు తప్పదు. దానివల్ల రాబోయే కార్లన్నీ వెలుగుబొమ్మలై, హారన్లతో సహా, సాయంత్రం దాకా తిరుగుతాయి. వీధి తట్టుకుంటే అనుమతి ఇచ్చేస్తారు.

ఆరోజు వరహాలమ్మ వీధిలో హోటలు వంతు; అది పెరగడం వీధిలో ఎవరికీ ఇష్టం లేదు. పొద్దున ఆవిడ పాలు కాచింది. తోడేద్దామంటే చుక్క పెరుగు లేదు. గిన్నె పట్టుకుని గుమ్మంలోకొస్తే, ఎదురింటికి అడ్డంగా ఉత్తుత్తి కార్ల బారు! అవి గాలిలాంటివే, తగిలినా ఏమీ కాదు. అయినా అలవాటుకొద్దీ చెయ్యి అడ్డంపెట్టి దిగింది. నిజం కార్లలాగే అన్నీ టక్కున ఆగాయి.

"ఒసే నూకరత్నం! చెయ్యి చూపిస్తే ఆగిపోతున్నాయే! అందర్నీ రమ్మను!" అని ఎదురింటావిడకి కేకేసింది.

ఇంకేముంది, కరివేపాకుకొకరు, ఉప్పుకొకరు వీధంతా రోడ్డెక్కింది. కార్లు హోటలు గేటుదాకా పేరుకుపోయాయి.

సాయంత్రం వీధి చివర బోర్డు వెలిగింది. "ఈ వీధిలో రాకపోకలు ఇప్పటికే విపరీతం. హోటలు గదులు పెంచడానికి వీల్లేదు."

ఈలలు, కేకలు! నూకరత్నాన్ని పట్టుకుని గంతులేస్తున్న వరహాలమ్మకి అప్పుడు గుర్తొచ్చాయి, పొద్దుటి పాలు. నూకరత్నం తెచ్చిచ్చిన పెరుగు గిన్నె ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి అడ్డంపెట్టి, ఒక్క కారూ లేని రోడ్డు మీద ఇంటికి పరుగెత్తింది.