ఏడో నంబరు అతుకు

“ఏడో నంబరు ఎవరిది?”

“మాదేనండీ!” బెంచీ మీంచి దిగ్గున లేచింది తల్లి. నిప్పురవ్వలకి చిల్లులు పడ్డ నీలం చొక్కాలో ఉన్న కూతురు తాపీగా వెనకాలే వచ్చింది.

బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి వెలుగుతున్న అద్దం మీద ఎక్స్‌రే ఫిలిం పెట్టాడు. రెండు పైపుల్ని కలిపిన వెల్డింగు అతుకు అందులో తెల్లటి పట్టీలా ఉంది. ఫిలిం మీద నంబరే తప్ప పేరుండదు. పాసైతే ఈ ఫ్యాక్టరీలోనే వెల్డరు పని. లేదంటే మళ్లీ ఆర్నెల్లదాకా చీపురు పట్టి షెడ్డు ఊడవడమే. ఇప్పటికే రెండుసార్లు తప్పింది.

“ఇదిగో, ఇక్కడ డిస్‌కంటిన్యూటీ ఉంది,” అన్నాడాయన కూతురితో.

తల్లి లబోదిబోమంది. “అయిపోయింది! కొంప మునిగింది! రాత్రంతా కునుకు లేదండీ, చెయ్యి వణికే ఉంటుంది.”

“అమ్మా, ఆయన్ని చెప్పనీ.”

“ఏం చెప్తారే? కిందటిసారీ ఇదే మాట రాసి ఇంటికి పంపారు. అసలా మాటకి అర్థమేంటండీ?”

“వరసగా సాగాల్సింది ఎక్కడో ఓ చోట తెగడం. లోహమంతా ఒక్కతీరుగా ఉండాలి. మధ్యలో బుడగొచ్చినా, గీతొచ్చినా ఆ మాటే వాడతాం.”

“పేరేదైతేనేం, రోగం రోగమే కదండీ!”

“పుట్టుమచ్చ రోగమా అమ్మా?” అన్నాడాయన.

తల్లి ఫిలిం వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూసింది.

“హద్దు దాటితేనే దాన్ని లోపం అంటాం. కిందటిసారిది పగులై ఉంటుంది. పగులు వెంట్రుకంత ఉన్నా ఒప్పుకోం. ఇది గాలి బుడగ. కొలిచి చూడాలి.”

ఆయన భూతద్దం పట్టుకుని వంగాడు. తల్లి ఆయన భుజం మీంచి తొంగిచూసింది.

“ఒకవేళ ఆ బుడగ పెరిగి, పైపు పేలి, ఎవరికైనా ఏదైనా అయితే... జైల్లో వేస్తారాండీ?”

“ఇదేమన్నా పిండా అమ్మా, పొంగడానికి?”

కూతురు కిసుక్కున నవ్వింది. తల్లి దాని జబ్బ మీద ఒక్కటేసింది. “నవ్వుతావే? నీకేం, నిమ్మకి నీరెత్తినట్టుంటావు!”

పరీక్షాధికారి తలెత్తాడు. “ఒక్క మిల్లీమీటరు. మూడు దాకా పర్లేదు. పాస్!”

తల్లి బెంచీ మీద కూలబడింది. కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు, రెండూ ఒకేసారి. అంతలోనే మళ్లీ భయం. “బాబ్బాబు, ఇంకోసారి కొలవండి. పొరపాటు పడ్డారేమో!”

“అమ్మా!” కూతురు నెత్తి కొట్టుకుంది.

“నీ చెయ్యి మంచిదమ్మాయ్. అతుకేసిన వాళ్లు ఇక్కడ సంతకం పెట్టాలి,” అంటూ ఆయన పెన్ను కూతురి వైపు చాపాడు.

“నేను పోయినేడే పాసయ్యానండీ,” అంటూ కూతురు నవ్వుతూ పక్కకి జరిగింది.

పెన్ను తల్లి అందుకుంది.