పాలు పొంగిన పూట

ఈసారి వచ్చిన దిగులు మహమ్మారికి ప్రతి గుమ్మానికీ మాటలు వినే పెట్టె ఒకటి బిగించారు. మనసు నిన్నలోనో రేపులోనో తిరిగితే దిగులు ముదురుతుందట. ఇవాళ్టిలో ఉన్నవాళ్ళకే తలుపు తెరుస్తుంది. పక్క వీధిలో పుట్టిన మనవరాలిని మేమింకా చూడలేదు.

"నా పురుడప్పుడు మీ అమ్మ కారప్పొడన్నా పెట్టిందా?" అంది నా భార్య వరాలు.

"నిన్న," అంది పెట్టె.

"పెద్దయ్యాక పిల్లకి మీ మూగనోరే వస్తే ఎలాగండీ?"

"రేపు."

నేనేమీ అనలేదు.

"ఏ కాలమో తెలియదు," అంది పెట్టె.

"కాపురమంతా నాకూ తెలిసి చావలేదు," అంది వరాలు.

అంతలో పాలు పొంగాయి. "అయ్యో, పాలు!" అని ఇద్దరం అరిచాం. వరాలు పరుగెత్తి పొయ్యి ఆపింది. తలుపు తెరుచుకుంది.

గడప దగ్గర, "ఎన్ని పోయాయి?" అన్నాను.

"నిన్న," అంది పెట్టె. తలుపు మూతపడబోయింది.

వరాలు నన్ను బయటికి లాగింది. "జన్మకో మాట మాట్లాడతారు, అదీ ఇప్పుడేనా!"