దొంగ చుక్క

రాకెట్ దానంతట అది నడవదు. కానీ వెండెల్ చేతిలోని యంత్రం మీద చుక్క నడుస్తోంది.

"ఎవడో ఎత్తుకుపోతున్నాడు!" అని పళ్లు కొరికాడు వెండెల్.

బ్లాక్ రాక్ ఎండు సరస్సు మీద రాకెట్లు ఎగరేసే సీజనుకు అది చివరి రోజు. పొద్దు కుంకేలోగా రాకెట్‌ను తెచ్చి పరీక్షకురాలి ముందు పెడితేనే మూడో స్థాయి సర్టిఫికెట్. ఎగిరితే చాలదు, తిరిగి రావాలి. అదీ పగలకుండా రావాలి. వెండెల్ ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. ఈసారీ తప్పితే ఇక రాకెట్ల జోలికి పోనని భార్య గ్లెండాకు మాటిచ్చాడు.

ఎగరడం మాత్రం బ్రహ్మాండంగా ఎగిరింది. ఆ మోతకు క్యాంపులో కుక్కలన్నీ, వెండెల్ వాళ్ల ట్రిక్సీతో సహా, గోల పెట్టాయి. ఆకాశంలో తెల్లటి పొగ గీత మిగిలింది, రాకెట్ కంటికి ఆనలేదు. ఆనదని ముందే తెలుసు. అందుకేగా, ఎక్కడ పడిందో ఈ యంత్రానికి చెప్పే ట్రాకర్‌ను దాని ముక్కులో పెట్టింది! వేటకుక్కల మెడకు కట్టడానికని వేటగాళ్ల దుకాణంలో అమ్మే గట్టి సరుకు, ఇక్కడ సగం మంది వాడేది అదే. రాత్రి గ్లెండా సామానుతో పాటు ఒకే బల్ల మీద ఛార్జింగ్ పెట్టి, పొద్దున మసక వెలుతురులో తీసి, దాని పట్టీతోనే లోపల బిగించాడు. రాకెట్ ఇంకా ఎగరేసే ప్యాడ్ మీద ఉండగా యంత్రం బీప్‌మంది. అది చాలనుకున్నాడు.

ఇప్పుడు ఆ చుక్క దుమ్ములో అడ్డంగా పరుగెత్తింది. ఆగింది. గిర్రున తిరిగింది. తర్వాత నింపాదిగా క్యాంపులోకి వచ్చింది. ఒక గుడారం దగ్గర కాసేపు, ఇంకో గుడారం దగ్గర కాసేపు.

"ఎవరైనా చూస్తున్నారేమోనని నక్కి నక్కి పోతున్నాడు" అనుకున్నాడు వెండెల్.

నడుముకున్న వాకీటాకీ గరగరలాడింది. గ్లెండా గొంతు. "వెండెల్, వింటున్నావా? ఒక్క మాట..."

"ఇప్పుడు కాదు గ్లెండా! దొంగను పట్టుకునే పనిలో ఉన్నా" అని దాని నోరు నొక్కేశాడు.

చుక్క హాలిస్ మకాం ఉంటున్న ట్రెయిలర్ బండి దగ్గర ఆగింది. ఇక కదల్లేదు.

హాలిస్! ఇంకెవడు? నిరుడు హాలిస్ రాకెట్ ఇదే నేల మీద ముక్కలైతే, అందరిలో పడీ పడీ నవ్వింది వెండెలే. "నీకూ ఒక రోజొస్తుందిరా" అన్నాడు హాలిస్ అప్పుడు. ఈ పొద్దున పనిగట్టుకుని వచ్చి, "నీ ట్రాకర్ ఏ నంబరు మీద పెట్టావు?" అని ఆరా తీశాడు కూడా. ఇద్దరిదీ ఒకే నంబరైతే సిగ్నళ్లు కలిసిపోతాయి గనక అందరూ అడిగే మాటే. కానీ ఇప్పుడు తలుచుకుంటే వెండెల్‌కు ఒళ్లు మండింది.

ఇక్కడ ఎవరి రాకెట్ దొరికినా, దాని మీద పేరు చూసి సొంతదారుకు కబురు చేస్తారు. దాచుకున్నవాడి ముఖం మళ్లీ ఎవరూ చూడరు.

హాలిస్ ట్రెయిలర్ ముందు పొయ్యి మీద మాంసం సాసేజ్‌లు కాలుస్తున్నాడు.

"ఏంట్రా, యుద్ధానికొచ్చినట్టు వస్తున్నావ్?"

"నా రాకెట్ బయటికి తియ్."

"ఏ రాకెట్?"

"నటించకు. చుక్క నీ ట్రెయిలర్ దగ్గరే ఉంది. చూడు, పది అడుగులు చూపిస్తోంది!"

"ఆ డబ్బాకు ఎండ తగిలినట్టుంది. నీకు కూడా. పొద్దున్నుంచి నా సాసేజ్‌లు నాలుగు మాయమయ్యాయి. నేనెవర్నైనా దొంగన్నానా?"

"మాట దాటెయ్యకు! దొంగతనం చేసి పైగా జోకులా?"

చుట్టుపక్కలవాళ్లు మూగారు. దొంగ అనే మాట అందరికీ వినబడింది. హాలిస్ ముఖం ఎర్రబడింది. ట్రెయిలర్ తలుపు బార్లా తెరిచి పక్కకు జరిగాడు.

వెండెల్ లోపలికి దూరాడు. అలమరా తెరిచాడు, పరుపు ఎత్తాడు. ఎక్కడ నిలబడ్డా యంత్రం పది అడుగులు, ఎనిమిది అడుగులు అంటోంది. రాకెట్ మాత్రం లేదు. ఆ పొడవు వస్తువును దాచడానికి అక్కడ చోటే లేదు. ముక్కు ఊడదీసి ట్రాకర్ ఒక్కటే దాచాడేమోనని సొరుగులు కూడా గాలించాడు.

బయటికొచ్చేసరికి హాలిస్ చేతిలో దుర్భిణి ఉంది.

"నువ్వు ఎగరేసినప్పటి నుంచి దీంతో నీ పారాచూట్ కోసమే వెతుకుతున్నా. నాలా నువ్వు ఏడవకూడదని. ఇంక నా గుమ్మం తొక్కకు."

తప్పు చేశానా అని వెండెల్‌కు ఒక్క క్షణం అనిపించింది. కానీ చేతిలో యంత్రం ఆపకుండా కూస్తూనే ఉంది. అదెందుకు అబద్ధమాడుతుంది?

వాకీటాకీ మళ్లీ గరగరలాడింది. ఈసారి గ్లెండా ఏడుస్తోంది.

"ఇప్పటికైనా వింటావా? మన ట్రిక్సీ ఆ మోతకు బెదిరి పారిపోయింది. నా దగ్గరున్న యంత్రంలో, పొద్దున ఛార్జింగ్ బల్ల మీంచి తీసి కట్టిన దాని మెడపట్టీ ఆరు మైళ్ల అవతల, కొండ మొదట్లో చూపిస్తోంది. అప్పటి నుంచి అంగుళం కదల్లేదు వెండెల్! చచ్చిపోయిందేమో!"

అప్పుడే హాలిస్ ట్రెయిలర్ కింది నుంచి ట్రిక్సీ, సాసేజ్ ముక్క నోట కరుచుకుని, తోకాడించుకుంటూ వచ్చి వెండెల్ కాళ్ల దగ్గర కూర్చుంది. అతని చేతిలోని యంత్రం మీద దూరం సున్నా అయింది.