భోజన విరామం తర్వాత

"ఆ రాత్రి ఆబోతు ఈ డస్టిన్ వెనకాలే బుద్ధిగా నడిచి వెళ్ళిందండీ. నా కళ్ళతో చూశాను. కుక్కపిల్ల వెళ్ళినట్టు వెళ్ళింది" అన్నాడు సాక్షి.

జ్యూరీ వరసలో కూర్చున్న ఆర్లీన్ వోసిక్‌కు లేచి అరవాలనిపించింది.

బుద్ధిగానట! నిన్ననే కదా దాని యజమాని స్ట్రోడ్ అదే బోనులో నిలబడి గొప్పలు పోయాడు? "నా సెనేటర్ నన్ను తప్ప పురుగును కూడా దగ్గరికి రానివ్వదు. పశువుల డాక్టరును సైతం కంచె అవతలికి విసిరేసింది" అన్నాడు. సెనేటర్ అంటే ఆ ఆబోతే. కౌంటీ సంతలో ఏటా బహుమతి కొట్టేది. అది పోయిందంటే స్ట్రోడ్‌కు వచ్చే బీమా కూడా ఘనమే.

అలాంటిది దాణా బస్తాలు మోసే డస్టిన్ వెంట ఎలా నడుస్తుంది? అది బుద్ధిగా నడిచిందంటే ముందున్న మనిషి స్ట్రోడే అయి ఉండాలి.

ఆర్లీన్ డస్టిన్ లాయరు వైపు ఆశగా చూసింది. డబ్బు లేనివాళ్ళకు ప్రభుత్వం పెట్టే లాయరు. ఊపిరి తీసుకోలేనన్ని కేసులున్నాయి అతనికి. 'అడుగు నాయనా, అడుగు' అని మనసులోనే బతిమాలుకుంది.

"నేనడిగేది ఏమీ లేదండీ" అన్నాడు లాయరు.

ఆర్లీన్ పళ్ళు నూరుకుంది. జ్యూరీలో కూర్చున్న మనిషి నోరు తెరవకూడదు. పక్కవాళ్ళతో గుసగుసలాడకూడదు. వాదనలన్నీ ముగిశాక, పన్నెండు మందిని ఒక గదిలోకి పంపి తలుపు వేస్తారు. మాటలన్నీ అక్కడే. పన్నెండు మందీ ఒక్క మాట మీదికి వస్తేనే తీర్పు. అందాకా కట్టుకున్న మొగుడికి కూడా చెప్పకూడదని జడ్జి హాల్వర్సన్ రోజూ హెచ్చరించే పంపుతాడు.

డస్టిన్‌కు నిండా పాతికేళ్ళు లేవు. ఆబోతును దొంగిలించాడన్న నేరం రుజువైతే జైలే. వెనక బెంచీ మీద వాళ్ళమ్మ చేతిరుమాలు నలుపుతూ కూర్చుంది.

ఆ గదిలో ఆబోతు సంగతి ఎవరో ఒకరు ఎత్తాలి. ఎవరు ఎత్తుతారు? ఆర్లీన్ వరసంతా పరికించింది. ఒకావిడ గోళ్ళు చూసుకుంటోంది. ఒక రైతు కిటికీలోంచి మబ్బులు చూసుకుంటున్నాడు. పక్క కుర్చీలో విత్తనాల వ్యాపారి క్లైడ్ బర్క్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవలిస్తున్నాడు. భార్య పోయిన మనిషి. మధ్యాహ్నం పూట బిస్కట్లతో సరిపెట్టుకుంటున్నాడు.

ఆర్లీన్ అతని వైపు చాలాసేపు చూసింది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే పొయ్యి వెలిగించింది.

"ఇంత మాంసం ఎవరికి?" అన్నాడు ఆమె మొగుడు డెల్.

"నా పక్క కుర్చీ క్లైడ్‌కి. పాపం, వండిపెట్టే దిక్కు లేదు."

"ఇక్కడ నాకు మాత్రం ఉందా? నాకు ఉడకబెట్టిన గుడ్డు, వాడికి రోస్టా! కేసులో నీ వైపు తిప్పుకుందామని కాకా పడుతున్నావు కదూ?"

"కేసు గురించి మాట్లాడకూడదు."

"నేను మాట్లాడేది కేసు గురించి కాదే, రోస్టు గురించి!"

మర్నాడు క్లైడ్ గ్రేవీ చుక్క కూడా మిగల్చలేదు. "మా ఆవిడ పోయాక ఇంత మంచి తిండి ఎరగనమ్మా" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆర్లీన్‌కు మనసు చివుక్కుమంది. అయినా ఇంకో ముక్క వడ్డించింది.

భోజనాలయ్యాక కోర్టులో క్లైడ్ తల ముందుకు వాలింది. జడ్జి గట్టిగా దగ్గాడు.

"బర్క్ గారూ, ఈసారికి ఊరుకుంటున్నా. ఇంకోసారి కునుకు తీస్తే బాగుండదు."

క్లైడ్ ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు. ఆర్లీన్ దిగులుగా ఇల్లు చేరింది.

"ఏం, తినలేదా నీ క్లైడు?" అన్నాడు డెల్.

"శుభ్రంగా తిన్నాడు."

"మరి ఆ మొహమేంటి?"

"డంప్లింగులు కూడా చెయ్యాల్సింది."

ఆఖరి రోజు పిండి ముద్దలు ఉడికించి డంప్లింగులు చేసింది. పంది మాంసం, పులియబెట్టిన క్యాబేజీ, పైన మీగడ పోసిన చెర్రీ పండ్ల తీపి రొట్టె కూడా పట్టుకెళ్ళింది.

"ఇంక చాలమ్మా, ఊపిరాడటం లేదు" అన్నాడు క్లైడ్.

"మొహమాటపడకండి. మళ్ళీ మళ్ళీ కలుస్తామా ఏమిటి?" అని మిగిలిందంతా అతని పళ్ళెంలో గుమ్మరించింది.

మధ్యాహ్నం, డస్టిన్‌ను జైలుకు పంపమని వాదించే ప్రాసిక్యూషన్ లాయరు చివరి ప్రసంగం మొదలుపెట్టాడు. గొంతు అసలే జోలపాటలా ఉంటుంది. క్లైడ్ తల మెల్లగా పక్కకు ఒరిగి ఆర్లీన్ భుజం మీద ఆగింది. కదిలితే పాపం నిద్ర చెడుతుందని ఆవిడ ఊపిరి బిగబట్టి కూర్చుంది. మోచేత్తో ఒక్కసారి పొడిచినా లేచేవాడు.

"కాబట్టి జ్యూరీ పెద్దలారా..." అన్నాడు లాయరు.

క్లైడ్ గుర్రు పెట్టాడు. కోర్టు హాలంతా వినబడింది. డస్టిన్ వాళ్ళమ్మ కూడా నవ్వాపుకోలేకపోయింది.

జడ్జి సుత్తితో బల్ల మీద కొట్టాడు.

"బర్క్ గారూ! ఒక మనిషి బతుకు తేల్చేచోట నిద్రపోయేవాళ్ళతో నాకు పని లేదు. మీరు ఇంటికి వెళ్ళి హాయిగా పడుకోండి."

క్లైడ్ సిగ్గుతో చితికిపోయి లేచాడు. పోతూ పోతూ ఆర్లీన్ వైపు వంగి, "మీ రుణం ఈ జన్మకు తీర్చుకోలేనమ్మా" అని గొణిగాడు.

ఆవిడ ఖాళీ గిన్నెలున్న సంచిని కుర్చీ కిందికి జరుపుకుంటుంటే, జడ్జి వరస చివరికి తిరిగి, "వోసిక్ గారూ, ఈ పన్నెండు మందిలో ఎవరైనా తప్పుకుంటేనే పదమూడో కుర్చీలో ఉన్న మీకు ఆ గదిలో చోటు దొరుకుతుందని మొదటి రోజే చెప్పాను కదా, ఇక మీరు ఆయన కుర్చీలోకి జరగండి" అన్నాడు.