కొంగ కొలత

అడవి అంచున మనిషి ఇల్లు కట్టాడు. ఎంత నేల పోయిందో కొలిచి రమ్మని జంతువులు కొంగను పంపాయి. కొంగ పైనుంచి ఒక చుట్టు చుట్టి వచ్చింది.

"ఈ మాత్రానికా ఇంత గోల! ఆ ఇల్లు నా రెక్కల నీడంత లేదు. మిగతా అడవంతా మనదే," అంది.

నిండు చూలాలైన కుందేలు, "అయితే మామా, ఆ ఇంటి వెనక పచ్చికలో పిల్లల్ని పెట్టొచ్చా?" అని అడిగింది.

"నిక్షేపంగా!"

కుందేలు వెళ్లి అక్కడ గుంట తవ్వబోయింది. ఇంటి ముందు కట్టేసిన కుక్క మొరిగింది. అంతే, కుందేలు బరువు పొట్టతోనే వాగు దాటి, గుట్ట దాటి, ఆ అరుపు వినబడని చోట ఆగింది.

కొంగ వెంట ఎగిరొచ్చి, "ఇల్లు అక్కడుంటే ఇక్కడిదాకా పరుగెందుకే?" అంది.

కుందేలు రొప్పుతూ అంది:

"ఇల్లు ఇక్కడిదాకా ఉంది మామా. మళ్లీ కొలిచి రా."