తలుపు మీద సొట్ట

కమలాబాయి పరుపు ఎత్తి చూసింది. కింద ఏమీ లేదు. పొయ్యి కింది అర తెరిచింది, సీటు వెనక చేయి పెట్టి తడిమింది, నీళ్ల డబ్బా మూత తీసి వాసన చూసింది.

“ఏం వెతుకుతున్నారమ్మా?” తలుపు దగ్గర నిలబడి అడిగాడు శివాజీ.

“సీసాలేమన్న ఉన్నయేమోనని.”

“నాకా అలవాటు లేదండి.”

అందరూ అదే మాట అంటారు అనుకుంది కమలాబాయి.

కోదాడ బస్టాండుకు కాస్త దూరంలో, శివాజీ ఇంటి ముందు ఆగి ఉంది ఆ బండి. పదిహేనేళ్ల నాటి టెంపో. సీట్లు పీకేసి రెండు పడకలు, పొయ్యి, నీళ్ల డబ్బా బిగించి క్యాంపర్ వ్యాన్ చేశారు. కుటుంబాలు కిరాయికి తీసుకొని నాగార్జున సాగర్ దాకా తిరిగివచ్చేవి. ఇప్పుడు దాని అద్దానికి ‘అమ్మబడును’ అని కాగితం అంటించి ఉంది. ఆ సంగతి తెలిసే, తమ్ముడు తులసీరాంను వెంటబెట్టుకొని పొద్దున్నే సూర్యాపేటలో బస్సెక్కింది కమలాబాయి. బిడ్డ, అల్లుడు ఊళ్లు తిరగడానికి కావాలని శివాజీతో చెప్పింది.

తొందరపడి సరే అంటే రేపు ఏడ్చేది బిడ్డ దీప. మిర్యాలగూడలో ఉండే చెల్లెలు అట్లాగే పైమెరుగు చూసి మోసపోయింది. లోపలి సంగతి ఎవరూ అడగలేదు. ఆరు నెలలు తిరగకముందే చెల్లెలి కూతురు విరిగిన చేత్తో ఇంటికొచ్చింది. ఆ చేతికట్టు కళ్లముందు మెదిలితే చాలు, కమలాబాయికి అన్నం సయించదు.

తులసీరాం టైర్లు నొక్కాడు, ఇంజను కిందికి తొంగిచూశాడు, అంతా తెలిసినవాడిలా తల ఊపాడు. ఆమె మాత్రం ప్రశ్నలు వదల్లేదు. ఇందులో ఎవరెవరు పడుకునేవారు, వెంట తిరిగే దోస్తులు ఎట్లాంటివాళ్లు అని ఆరా తీసింది. పడక సందులో ఆడపిల్ల జడ క్లిప్పు దొరికితే ఎవరిదని నిలదీసింది. అక్క కూతురిదన్నాడు శివాజీ. అయితే ఆ అక్కకు ఇప్పుడే ఫోన్ చేయమంది. తులసీరాం ఇబ్బందిగా దగ్గాడు. శివాజీ నవ్వి, ఫోన్ కలిపి ఆమె చేతికే ఇచ్చాడు. పిల్ల దానికోసం రెండు రోజులు ఏడ్చిందని, జాగ్రత్తగా తీసి పెట్టమనండని చెప్పింది అవతలి మనిషి.

అయినా నమ్మకం కుదరలేదు. ఇద్దరూ ముందే అనుకొని ఉంటారేమో.

శివాజీ టీ తెప్పించాడు. ఉతికి పరిచిన దుప్పటి మీద గ్లాసు సగం ఒంపేసి, చెయ్యి జారిందంది కమలాబాయి. అతని మొహం వైపే చూస్తూ కూర్చుంది. అతను గుడ్డ తెచ్చి తుడిచి, చెయ్యేమైనా కాలిందా అని అడిగి, ఇంకో టీ చెప్పాడు.

మునగాల దాకా నడిపి చూపించమంది. హైవే మీద ఒక ఆటో ఉన్నట్టుండి అడ్డం తిరిగింది. బండి ఎక్కడిదక్కడ ఆగింది. బ్రేకులు భేష్ అన్నాడు తులసీరాం. ఆమెకు బ్రేకుల ధ్యాస లేదు. శివాజీ నోటి నుంచి తిట్టు వస్తుందేమోనని చెవులు రిక్కించింది. రాలేదు.

ఇంత నెమ్మది ఎక్కడైనా ఉంటుందా? ఏదో దాస్తున్నాడు.

తిరిగొచ్చి దిగుతుంటే దొరికింది. వెనక తలుపుకు లోపలివైపు, మోకాలెత్తున లోతైన సొట్ట. కాలితో తన్నినట్టుంది.

“ఇదెవరు తన్నిన్రు?”

శివాజీ తలుపు దగ్గరికి వచ్చి సొట్ట వైపు చూశాడు.

“నేనేనమ్మా.”

“కోపమొస్తే తంతవా?”

“మా నాన్నని ఇందులోనే హైదరాబాద్ దవాఖానకి తీసుకెళ్తున్నా. సూర్యాపేట దాటాక ప్రాణం పోయింది. ఏం చేయాలో తెలీక తన్నాను.” అతను సొట్ట మీద అరచెయ్యి ఆనించాడు. “తర్వాత సిగ్గేసింది. ఆయన చేత్తో బిగించిన తలుపు. మళ్లీ దేన్నీ తన్నలేదు.”

“మనిషి పోయిన బండి అని కొనేటోళ్లకు చెప్తరా ఎవరన్న?”

“మీరడిగారుగా. దాచిపెట్టి అమ్మితే రేపు మీరు నన్ను తిట్టుకోరా?”

ఆలోచించుకొని ఫోన్ చేస్తామని తులసీరామే చెప్పి, అక్కను బస్టాండుకు నడిపించాడు.

బస్సు మునగాల దాటింది. కమలాబాయి కిటికీలోంచి చూస్తూ, శివాజీ అన్న మాటలన్నీ ఒక్కొక్కటే తిరగేసుకుంది. ఎక్కడా అబద్ధం చేతికి తగల్లేదు.

“ఇగ చాలక్కా. ఏదో ఒకటి చెప్పెయ్. ఇంటికాడ పిల్ల పరేషాన్ అయితాంది,” అన్నాడు తులసీరాం.

ఆమె కొంగుతో మొహం తుడుచుకొని, ఇంటికి ఫోన్ కలిపింది.

“దీపా, ఇగ ఆ కోదాడ పిల్లగాణ్ని పెళ్లిచూపులకు రమ్మందాం.”